నమిలే అలవాటుకు సురక్షితమైన ప్రత్యామ్నాయం: దవడకు తగినదాన్ని ఎంచుకోవడం ఎలా?

నమస్కారం. ముందుగా ఈ బల్ల మీద ఉన్నవాటిని ఒకసారి చూడండి. ఇది మా అబ్బాయి బడి చొక్కా. కాలర్ కుడి మూల ఏ స్థితికి వచ్చిందో మీకే కనిపిస్తోంది. ఇది వాడి పెన్సిల్. ఇది ఐడీ కార్డు తాడు, ఇక్కడ దారాలు పోగులు పోగులుగా ఊడిపోయాయి. ఇక ఈ పెన్ను మూత మాత్రం వాడిది కాదు, నాది. ఫోనులో మాట్లాడుతూ నమిలినది. ఈ అలవాటు పిల్లలకే పరిమితం కాదని ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాను.

నమలడాన్ని మాన్పించడం ఎలాగో ఈ వీడియోలో చెప్పడం లేదు. నమలవలసిన అవసరం ఉన్నవారికి చొక్కా, పెన్సిల్, తాళంచెవి బదులు ప్రమాదం తక్కువగా ఉండే వస్తువును ఎలా ఎంచుకోవాలో, ఎలా పరీక్షించాలో, ఎలా అలవాటు చేయాలో చూపిస్తాను. ఎంచుకోవడం దగ్గరే నేను ఒకసారి బోల్తా పడ్డాను కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుతాను, మిగిలినవి త్వరగా ముగిస్తాను.

చెవికి కొంచెం ముందు, దవడ మూల మీద ఇలా వేలు పెట్టి, పళ్లు బిగించి చూడండి. అక్కడ కండరం గట్టిపడింది కదా, మన శరీరంలోని బలమైన కండరాల్లో అదొకటి. ఆ కండరం, దాని పక్కనున్న దవడ కీలు ఒత్తిడితో పనిచేసినప్పుడు మెదడుకు చేరే సంకేతాలు కొందరికి స్థిమితాన్ని, కొందరికి ఏకాగ్రతను ఇస్తాయి. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, నిలకడగా ఉండలేని స్థితి), ఆందోళన ఉన్నవారిలో ఈ అవసరం ఎక్కువగా కనిపిస్తుంది; ఏ నిర్ధారణా లేనివారిలోనూ కనిపిస్తుంది. ఇంద్రియాల సమన్వయం గురించిన ఈ ఆలోచనను అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే చికిత్సకురాలు) జీన్ ఏయర్స్ 1970లలో ప్రచారంలోకి తెచ్చారు. అయితే ఇలాంటి చికిత్సలు ఎంతవరకు పనిచేస్తాయన్న దానిపై పరిశోధన పరిమితంగానే ఉందని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి నేను చూపించేదాన్ని చికిత్సగా భావించవద్దు. చొక్కా నమలడం కంటే ఇది నయం, అంతవరకే నా వాదన.

కొనే ముందు ఒక మినహాయింపు ఉంది. నమలడం వేరు, మింగడం వేరు. బలపాలు, మట్టి, గోడ సున్నం, పచ్చి బియ్యం తినేవారికి ఈ వీడియో సరిపోదు, వారిని డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. మన ఇళ్లలో బలపాలు తినే ఆడపిల్లలను చూసి నవ్వి ఊరుకోవడం ఎక్కువ గానీ, ఆ కోరికకు, ఐరన్ లోపానికి తరచుగా సంబంధం ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నెలల నుంచి 59 నెలల వయసున్న పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది, కనుక ఇది అరుదైన సంగతి కాదు. జుట్టు మింగే పిల్లలదీ ఇదే దారి. అది కడుపులో ఉండకట్టి ఆపరేషను దాకా తీసుకువెళ్లవచ్చు. ఇంతకుముందు లేని అలవాటు హఠాత్తుగా మొదలైతే పళ్ల డాక్టరుకు కూడా చూపించండి. దాదాపు 6 ఏళ్లప్పుడు, మళ్లీ 12 ఏళ్లప్పుడు వెనక దవడ పళ్లు వస్తాయి, ఆ రోజుల్లో ఏదో ఒకటి కొరకాలనిపించడం సహజమే.

ఇప్పుడు అసలు పని. ఈ నోటుపుస్తకం చూడండి. ఇందులో మూడు గడులు గీశాను: ఏమి నమిలాడు, ఎప్పుడు నమిలాడు, ఏ పళ్లతో నమిలాడు. ఒక వారం రాయండి. మొదటి రెండూ ఎవరైనా రాస్తారు, మూడోది ఎవరూ రాయరు, నేనూ రాయలేదు. అక్కడే నా పొరపాటు జరిగింది.

మొదటిసారి నేను కొన్నది ఇదిగో, ఈ మెత్తని సిలికాన్ లాకెట్. పిల్లవాడి నోటికి మెత్తగా ఉండాలి కదా అన్న మన ఇంగితమే నన్ను తప్పుదారి పట్టించింది. మూడు రోజుల్లో దాని అంచు ఊడిపోయింది, ఊడిన ముక్క ఎక్కడా కనబడలేదు. ఆ రాత్రి మంచం కింద, బడిసంచిలో, సోఫా సందుల్లో టార్చి లైటుతో వెతికి, అది మర్నాడు వాడి నిక్కరు జేబులో దొరికే దాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తప్పు లాకెట్‌ది కాదు, దాన్ని దవడ పళ్లతో నూరే పిల్లవాడికి ఇచ్చిన నాది. సిలికాన్ సాగుతుంది, వేడిని తట్టుకుంటుంది. కానీ ఒకసారి చిన్న గాటు పడితే ఆ గాటు దగ్గర నుంచి సులభంగా చిరిగిపోతుంది. బలంగా నమిలేవాడికి మెత్తని సిలికాన్ ఇవ్వడమంటే ముక్కలు చేసుకో అని చేతికివ్వడమే.

అందుకే ఇప్పుడు కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, ఈ కాలర్‌ను జాగ్రత్తగా చూడండి. గుడ్డ తడిసి, ముడతలు పడి, చిల్లులు లేకుండా ఉంటే ఆ పిల్లలు నమలడం లేదు, చప్పరిస్తున్నారు. అంచు వెంబడి దారాలు లేచి, వరుసగా చిన్న చిన్న పంటిగాట్లు ఉంటే ముందు పళ్లతో కొరుకుతున్నారు. ఇలా, ఇక్కడిలా, అంచుకు కాస్త లోపలగా గుడ్డ నలిగి చిల్లు పడితే దవడ పళ్లతో నూరుతున్నారు. పెన్సిల్ కూడా అంతే. రంగు మీద సన్నని నొక్కులు ఉంటే ఒక రకం, చెక్క చీలిపోయి పేళ్లు లేస్తే మరో రకం. మరోసారి చెబుతున్నాను, తడి, అంచు, చిల్లు. ఈ మూడింట్లో మీ ఇంట్లో ఉన్నది ఏదో తేలిన తరువాతే కొనండి.

చప్పరించేవారికి గట్టి వస్తువు ఇస్తే పక్కన పడేస్తారు. వారికి సన్నని స్ట్రాతో చిక్కటి మజ్జిగో, రాగిజావో ఇచ్చి చూడండి, పీల్చడానికి బుగ్గలు బాగా పనిచేస్తాయి. ముందు పళ్లతో కొరికేవారికి పెన్సిల్ చివర తొడిగే ఈ తొడుగు సరిపోతుంది. దవడ పళ్లతో నూరేవారికి మాత్రం వెనక పళ్ల దాకా చేరేంత పొడవుగా, గట్టిగా ఉన్నది కావాలి. ఇదిగో ఈ గొట్టంలాంటిదో, ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో ఉన్న ఇలాంటిదో. గుండ్రని లాకెట్ వెనక పళ్ల దాకా వెళ్లదు, అందుకే వాడు మళ్లీ కాలర్ దగ్గరికే వెళతాడు.

గట్టిదనానికి అందరూ పాటించే ఒకే కొలత లేదు. ఆర్క్ థెరప్యూటిక్ అనే సంస్థ తన వస్తువులను మామూలువి, ఎక్స్‌టీ, ఎక్స్‌ఎక్స్‌టీ అని మూడు స్థాయిల్లో అమ్ముతుంది. మూడోది అన్నిటికంటే గట్టిది. మరో తయారీదారు దగ్గర రంగును బట్టి గట్టిదనం మారుతుంది. చాలామంది అమ్మకందారులు అసలు ఏమీ రాయరు. అలా ఏమీ రాయనిదాన్ని నేను కొనను. మధ్య స్థాయితో మొదలుపెట్టి, వారంలోపే గాట్లు పడితే పై స్థాయికి వెళ్లండి. ఇంకొక మాట, ఆన్‌లైన్‌లో ఉత్త ‘చ్యూ టాయ్’ అని వెతికితే కుక్కల బొమ్మలు వస్తాయి. ‘సెన్సరీ చ్యూ’ అని వెతకండి. కుక్కల బొమ్మలు మనుషుల నోటి కోసం తయారైనవి కావు, చవక కదా అని వాటి జోలికి వెళ్లవద్దు.

పరీక్షలు త్వరగా చూపిస్తాను. ఇది దళసరి అట్టను చుట్టి నేను చేసుకున్న గొట్టం, లోపలి వెడల్పు దాదాపు 32 మిల్లీమీటర్లు. 3 ఏళ్ల లోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డుపడే ముక్కలు ఉన్నాయేమో చూడడానికి వాడే పరీక్ష గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, ఇది దానికి ఇంటి నకలు. ఏ భాగమైనా, ఊడివచ్చే ఏ పూసైనా ఇందులో మునిగిపోతే దాన్ని పక్కన పెట్టేయండి. అసలు పూసలు గుచ్చిన దండలు ఏ వయసువారికీ నేను కొనను. ఆ తరువాత ఇలా వంచి, లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రోజూ ఒక్క నిమిషం చాలు. నేను పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టేటప్పుడు చూస్తాను. వేరే సమయం పెట్టుకుంటే మరిచిపోతాను.

కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు మన దేశంలో అది తప్పనిసరి. థెరపీ పరికరాల పేరుతో అమ్మేవాటి మీద ఆ గుర్తు కనబడకపోవచ్చు, అప్పుడు ఏ పదార్థంతో చేశారో రాసి ఉండాలి: ఆహారానికి వాడదగిన సిలికాన్ అనో, మెడికల్ గ్రేడ్ టీపీఈ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) అనో. రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ కొందరికి పడదు, గమనించండి.

మెడలో వేసుకునేవాటి గురించి మాత్రం గట్టిగా చెబుతాను. 2018 డిసెంబరులో అమెరికాలో ఆహారం, మందుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, పళ్లు వచ్చే పిల్లలకు, సెన్సరీ అవసరాలు (నమలడం లాంటి ఇంద్రియ అవసరాలు) ఉన్నవారికి వాడే నెక్లెస్‌లు, బ్రేస్‌లెట్‌ల మీద హెచ్చరిక జారీ చేసింది. నిద్రలో నెక్లెస్ మెడకు బిగుసుకుని 18 నెలల బిడ్డ చనిపోయిన సంఘటన ఆ హెచ్చరికలో ఉంది. చిన్నపిల్లలకు మెడలో ఏదీ వేయవద్దు. బడికి వెళ్లే పిల్లలకు వేసినా లాగగానే విడిపోయే కొక్కెం ఉన్న తాడే వేయండి, ఇదిగో, లాగితే ఇలా విడిపోవాలి. నిద్రలో, ఉయ్యాల మీద, ఆటస్థలంలో తీసేయాలి. నాకైతే తాడు కంటే చొక్కాకు క్లిప్పుతో తగిలించే పొట్టి పట్టీ నచ్చింది. కాలర్ వైపు వెళ్లే చేయి దారిలోనే దాన్ని అందుకుంటుంది.

ఇంట్లో నోటికి అందకుండా దాచవలసినవి కూడా ఉన్నాయి. బటన్ సెల్ ఉండే చిన్న రిమోట్లు, కారు తాళాలు మొదట దాచండి. ఆ సెల్ మింగితే 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు, ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇత్తడి తాళంచెవుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత కిటికీ చువ్వలను, తలుపు అంచులను కొరికే పిల్లల మీద మరింత కన్ను వేయండి.

ఇక తిండి. ఇక్కడ మనవాళ్లకు ఉన్నన్ని మంచి వస్తువులు ఏ దుకాణంలోనూ దొరకవు. కరకరలాడేవి వేరు, సాగేవి వేరు, ఈ రెండూ దవడకు వేర్వేరు పని చెబుతాయి. జంతికలు, చేగోడీలు కరకరలాడి అయిపోతాయి. జొన్నరొట్టె, ఎండుకొబ్బరి, మామిడి తాండ్ర దవడను చాలాసేపు పనిలో పెడతాయి. గోదావరి జిల్లాలవారికి నేను చెప్పనక్కరలేదు, చలికాలంలో వచ్చే తేగలు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. పీచు ఉమ్మేయడం వచ్చిన పిల్లలకే ఇవ్వండి. చెరకు ముక్కలూ మంచివే, తరువాత నోరు పుక్కిలించాలి. 4 ఏళ్లలోపు పిల్లలకు పచ్చి క్యారెట్, వేరుశనగలు, పాప్‌కార్న్ వద్దు, గొంతుకు అడ్డుపడతాయి. హోంవర్కుకు కూర్చునే ముందు పావుగంట సేపు ఇలాంటిది నమిలితే మా వాడు పెన్సిల్ జోలికి తక్కువగా వెళుతున్నాడు. నోటుపుస్తకంలో రెండో గడి ఇందుకే పనికొచ్చింది, వాడి నమలడమంతా సాయంత్రం 5 నుంచి 7 మధ్యే ఉందని దాని వల్లే తెలిసింది.

పెద్దవాళ్లు పంచదార లేని చ్యూయింగ్ గమ్, సోంపు, లవంగం వాడుకోవచ్చు. నోట్లో ఏదో ఒకటి ఉండాలని వక్కపలుకుల వైపు మాత్రం వెళ్లవద్దు. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. నా పెన్ను మూతకు బదులు నేను గమ్‌కే మారాను. మీటింగుల్లో గమ్ బాగుండదు కాబట్టి అక్కడ పెన్సిల్ తొడుగే.

అలవాటు చేయడం దగ్గర ఒకే మాట మార్చండి. ‘నోట్లోంచి తియ్యి’ అనకుండా ‘ఇదిగో, ఇది నములు’ అంటూ చేతికి అందించండి. వస్తువు లేకుండా తియ్యమంటే చేయి గోళ్ల దగ్గరికి వెళుతుంది. రెండు కొని, ఒకటి కడిగి ఆరబెట్టినప్పుడు రెండోది ఇవ్వండి. కడగడం మీకు తెలిసిందే: గిన్నెల సబ్బు, ఆ తరువాత పెట్టె మీద అనుమతి ఉంటే మరిగే నీళ్లు. బడిలో టీచరుగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే బొమ్మ అనుకుని తీసేసుకుంటారు.

ఇవేవీ పనిచేయకపోతే, లేదా మాట, ఆట, నిద్ర గురించి కూడా అనుమానాలుంటే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవండి. జిల్లా కేంద్రాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే డీఈఐసీ కేంద్రాలు (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయపడే కేంద్రాలు) ఉన్నాయి, అక్కడ సేవలు ఉచితం. హైదరాబాద్ వైపు ఉన్నవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది. వెళ్లేటప్పుడు ఈ నోటుపుస్తకం, ఈ చొక్కా రెండూ తీసుకువెళ్లండి. మేము మాటల్లో చెప్పలేకపోయినదాన్ని థెరపిస్టు ఈ కాలర్ చూసి అర్థం చేసుకున్నారు.

చివరగా, గాటు పడినదాన్ని ఏం చేయాలి? ఇదిగో, ఇక్కడ గాటు మొదలైంది, రేపటికి ఇది పెరుగుతుంది, కాబట్టి ఇవాళే తీసేస్తున్నాను. పిల్లవాడు బడిలో ఉన్నప్పుడు, కొత్తది చొక్కాకు తగిలించి పంపిన తరువాతే, పాతదాన్ని కాగితంలో చుట్టి వీధిలోకి వచ్చే చెత్తబండిలో వేయండి. వంటింటి చెత్తబుట్టలో వేయవద్దు. మా వాడు రెండుసార్లు అందులోంచి వెతికి తెచ్చుకున్నాడు.