నలభై ఎనిమిదేళ్ల చెవికి పాప్ పంక్

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ ఉదయం నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి ఇక్కడికి వస్తున్నప్పుడు, పక్కన నిలబడిన ఒక పెద్దాయన నా ఇయర్‌ఫోన్లలోంచి బయటికి వినిపిస్తున్న చప్పుడు ఏమిటని అడిగారు. పాట అని చెప్పాను. "ఈ వయసులో ఇలాంటి పాటలేంటండీ?" అన్నారు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. పంటు సఖినేటిపల్లి చేరేలోపు ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును ఈ సభలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నాకు 48 ఏళ్లు. మొగల్తూరు పరిసరాల్లో వనామి రొయ్యల చెరువులు చేస్తాను. 1996లో కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు, హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడు హైదరాబాదు నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. కాలిఫోర్నియాకు చెందిన గ్రీన్ డే అనే బృందం 1994 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'డూకీ' అనే ఆల్బమ్‌ను ఎవరో అరవై నిమిషాల ఖాళీ టేపులోకి ఎక్కించి ఇచ్చారు. మొదటి వైపు అయిపోయేచోట ఒక పాట మధ్యలో తెగిపోయేది. ఆ పాట అక్కడే, గొంతు పైకి లేస్తుండగానే, ముగుస్తుందని చాలా ఏళ్లు నమ్మాను. తరువాత అసలు సీడీలో మిగిలిన భాగం విన్న రోజున, బాగా ఎరిగిన మనిషిలో ఎన్నడూ చూడని కోణం బయటపడినట్లు అనిపించింది.

ఈ సంగీతం పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. 1974లో న్యూయార్క్‌లో మొదలైన రామోన్స్ బృందం 1976లో తమ తొలి ఆల్బమ్‌లో 14 పాటలను అరగంటలోపే ముగించింది. ఆ వేగాన్ని, ఆ క్లుప్తతను కాలిఫోర్నియా కుర్రాళ్లు అందుకుని, దానికి పాడుకోదగ్గ బాణీని జోడించారు. దానినే పాప్ పంక్ అంటున్నాం. గీతాల్లో ఎక్కువభాగం సొంత ఊరి విసుగు, తెగిపోయిన స్నేహాలు, పెద్దవాళ్లమైపోతామేమోనన్న బెంగ. అందుకే ఇది కుర్రతనానికి సంబంధించిన సంగీతమనీ, వయసు వచ్చాక వదిలేయవలసినదనీ చాలామంది అనుకుంటారు.

నేను ఒప్పుకోను. ఈ పాటలు పుట్టింది కుర్రతనంలోంచి కాదు, కుర్రతనం చేజారిపోతున్నదని తెలిసిన క్షణంలోంచి. బ్లింక్-182 బృందం 1999లో విడుదల చేసిన ఒక ప్రసిద్ధమైన పాటలో 23 ఏళ్లు వచ్చినా పెద్దవాడు కాలేకపోయిన యువకుడి గొంతు వినిపిస్తుంది. దానిని పాడిన మార్క్ హోపస్ 1972లో పుట్టారు, అంటే పాట విడుదలయ్యేనాటికి ఆయన వయసు 27. అప్పటికే ఆయన వెనక్కి తిరిగి చూస్తూ పాడుతున్నారు. అంతకు ముందు, 1982లో, డిసెండెంట్స్ బృందం తమ గాయకుడు మైలో ఆకర్‌మన్ కాలేజీకి వెళ్లిపోతున్నాడన్న విషయాన్నే ఆల్బమ్‌కు పేరుగా పెట్టింది. ఆయన నిజంగానే వెళ్లి జీవశాస్త్రంలో డాక్టరేటు పొంది, మొక్కలపై పరిశోధన చేసే శాస్త్రవేత్తగా పనిచేశారు, యాభై దాటాక కూడా అదే బృందంతో పాడుతున్నారు. చదువుకోసం పిల్లల్ని ఊరు దాటించడమే జీవితాశయంగా బతికే మన డెల్టా కుటుంబాలకు ఈ కథను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సంగీతం లోపలికి వెళదాం, ఎందుకంటే నా వాదనకు అసలు ఆధారం అక్కడే ఉంది. ఈ పాటల్లో గిటార్ మీద ఎక్కువగా వాయించే స్వరసమూహాన్ని పవర్ కార్డ్ అంటారు. పాశ్చాత్య సంగీతంలో మామూలు కార్డ్‌కు మూడు స్వరాలుంటాయి. మన భాషలో చెప్పాలంటే షడ్జం, గాంధారం, పంచమం. అందులోని గాంధారం అంతర గాంధారమైతే ఉల్లాసంగా, సాధారణ గాంధారమైతే దిగులుగా వినిపిస్తుంది. గిటార్ శబ్దాన్ని యాంప్లిఫయర్‌లో బాగా గరగరలాడించినప్పుడు ఆ గాంధారం మిగతా స్వరాలతో పడక మొత్తం బురదగా వినిపిస్తుంది కాబట్టి దానిని తీసేసి, షడ్జ పంచమాలను మాత్రమే ఉంచుతారు. ఈ సభలో సంగీతం నేర్చినవారు ఇప్పటికే గుర్తించి ఉంటారు: ఆ రెండూ మన తంబుర స్వరాలే. తంబుర తనంతట తాను ఏ రాగమో చెప్పదు, అది పాడేవారి గొంతు తేల్చవలసిన సంగతి. పవర్ కార్డ్ కూడా చాలావరకు అంతే. ఆ గాంధారాన్ని గొంతు కొంత పూరిస్తుంది, వినేవాడు తన బతుకులోంచి మరికొంత పూరిస్తాడు. పందొమ్మిదేళ్లప్పుడు నేను ఆ ఖాళీలో సంతోషాన్ని నింపుకున్నాను. ఇప్పుడు అదే పాటలో, అదే ఖాళీలో, వేరే స్వరం వినిపిస్తోంది. పాట ఒక్క అక్షరం కూడా మారలేదు.

దీనికి నా అనుభవమే చెబుతాను. 'డూకీ'లోని 'బాస్కెట్ కేస్' అనే పాటను హాస్టల్లో మంచాల మీదికెక్కి గెంతుతూ పాడేవాళ్లం. అది గ్రీన్ డే గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ తనను పట్టి పీడించిన భయాందోళనల గురించి రాసుకున్న పాట అని అప్పుడు మాకు తెలియదు. కొన్నేళ్ల క్రితం మా చెరువుల్లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి, కోతకు మూడు వారాల ముందు పంట మొత్తం పోయింది. ఆ తరువాత చాలా రాత్రులు నాకు ఊపిరి ఆడేది కాదు, గుండె దడదడలాడేది, గుండెజబ్బేమోనని పరీక్షలు కూడా చేయించుకున్నాను, గుండె బాగానే ఉందన్నారు. చెరువుల మీద తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు తప్పనిసరిగా మెలకువగా ఉండాలి, నీటిలోని నాచు రాత్రంతా ప్రాణవాయువును వాడుకోవడంతో డీవో, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, బాగా పడిపోయే సమయం అది. ఒకరోజు ఆ వేళ గట్టు మీద నడుస్తూ, నీటికి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్లను కొడుతున్న చప్పుడు మధ్య, ఈ పాట విన్నాను. ఇరవై ఏళ్లకు పైగా నోటికి వచ్చిన పాట, ఆ రాత్రి మొదటిసారి అర్థమైంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీసి, టార్చి వెలుగులో రొయ్యలు చిటుక్కున ఎగరడం చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను.

ఇక చెవుల సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించడం నిజాయితీ కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల సిఫారసు. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమైపోతుంది కాబట్టి, 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది పదిహేను నిమిషాలే. మన ఊరేగింపుల్లో డీజే పెట్టెల పక్కన నడిచే పిల్లలు ఈ లెక్క తప్పక తెలుసుకోవాలి. నేను తెలుసుకోలేదు. నా కుడిచెవిలో ఇప్పుడు సన్నని కీచు శబ్దం ఎప్పుడూ ఉంటుంది, డ్రమ్స్‌లోని తాళాల చప్పుడు వెనక్కి పోయింది. అయితే వాటి కింద దాగి ఉన్న బేస్ గిటార్ నడక ముందుకు వచ్చింది. అది పోయినదానికి బదులు కాదు, కానీ నేను దానిని శ్రద్ధగా వింటున్నాను.

ఆ పాటగాళ్లకూ వయసు మీద పడింది. మార్క్ హోపస్‌కు 2021లో లింఫోమా, అంటే రక్తకణాలకు సంబంధించిన క్యాన్సర్, నాలుగో దశలో బయటపడింది. చికిత్సతో కోలుకున్నారు. బ్లింక్-182 నుంచి విడిపోయిన మిత్రుడు టామ్ డిలాంగ్ 2022లో తిరిగి వచ్చి చేరారు, 2023లో బృందంలోని ముగ్గురూ కలిసి కొత్త ఆల్బమ్ తెచ్చారు. కలవడానికి జబ్బులే రావాలా అని తమను తాము అడుగుతూ పాడారు. హాస్టల్లో నాకు క్యాసెట్ ఇచ్చిన మిత్రుడు డాలస్‌లో ఉంటున్నాడు. ఆ పాట విన్న రాత్రి, పదకొండేళ్ల తరువాత, అతనికి ఫోన్ చేశాను.

ఇక్కడికి దగ్గరలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు, ఇంకెందుకు పాడుతున్నారని ఆయనను ఎవరూ అడగలేదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు, తలలు నెరిసినవారు కూడా పీకల్లోతు నీటిలో దిగి, "శరభ శరభ" అని గొంతు చించుకుంటూ భుజం పడతారు. ఆ కేకలో నాకు వినిపించేదే పాప్ పంక్ పల్లవిలోనూ వినిపిస్తుంది: ఒక్కడి గొంతుకు అందనిదాన్ని గుంపుగా మోసే బలం. 2025 మార్చిలో గ్రీన్ డే ముంబయిలో పాడినప్పుడు నేను చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని ఆ జనంలో నిలబడ్డాను. నా పక్కన ఒక తండ్రీ కూతురూ ఒకే పాటను పాడుతున్నారు.

ఇప్పుడు మీ అనుమతితో రెండు శబ్దాలు వినిపిస్తాను. మొదట తంబుర శ్రుతి ఒక నిమిషం, తరువాత అదే శ్రుతిలో గిటార్ మీద రెండే రెండు స్వరాలు. శబ్దం తక్కువగానే పెట్టాను. గాంధారం ఎక్కడుందో వెతకండి.