రాత సంగతి తర్వాత, ముందు నడుము చూద్దాం

అందరికీ నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ళు పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చి ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "నిటారుగా కూర్చోడండీ, ఎన్నిసార్లు చెప్పినా వినడు." ఫిజియోథెరపిస్టుగా నాకు కనిపించేది వేరు. చాలామంది పిల్లలు కూర్చోలేకే వాలిపోతారు.

మొన్న ఒక ఆరేళ్ళ బాబు చేత పేజీ రాయించాను. రెండు లైన్లు ముత్యాల్లా రాశాడు. మూడో లైనుకి ఎడమచెయ్యి గడ్డం కిందికొచ్చింది. అయిదో లైనుకి ఛాతీ బల్లకి ఆనింది. వాళ్ళమ్మ అక్షరాలు చూపిస్తోంది, నేను గాల్లో వేలాడుతున్న వాడి కాళ్ళు చూస్తున్నాను. పాదాల కింద పీట వేశాక ఇంకో మూడు లైన్లు కుదురుగా రాశాడు. పీటతో ఆరోజు పని గడిచింది. బలం రావడానికి మాత్రం నెలలు పడుతుంది.

పొట్ట చుట్టూ బెల్టులా ఉండే లోపలి కండరం, వెన్నుపూసల పక్కన చిన్న కండరాలు, పైన ఊపిరి తీయించే డయాఫ్రమ్ అనే కండరం, కింద కటి అడుగున ఉండే కండరాలు కలిసి మొండేన్ని నిలబెడతాయి. ఆ ఆధారం ఉంటేనే వేళ్ళు తేలిగ్గా కదులుతాయి.

బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. మన పెద్దవాళ్ళు వండి పంచింది ఈ బలం వచ్చే మెట్లకే కదా! ఇప్పుడు బిడ్డ కారు సీట్లోంచి స్ట్రోలర్‌లోకి, అక్కణ్ణుంచి ఊయల్లోకి వెళ్తోంది. నేల తగలడం లేదు. ఇంకా పాకని పసివాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పక్కన మీరుండాలి. నిద్రకి మాత్రం వెల్లకిలే.

కాస్త పెద్ద పిల్లలకి ఆటే వైద్యం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తితే వంతెన. కింద నుంచి బొమ్మకారు పోనివ్వండి. కారు దాటేదాకా వంతెన కూలకూడదు! ఊపిరి బిగబట్టకుండా పాట పాడించండి. చేతుల బండి ఆటలో పిల్లలు చేతుల మీద నడుస్తారు, వెనక కాళ్ళు మనం ఎత్తి పట్టుకోవాలి. చాలామంది చీలమండలు పట్టుకుంటారు. మొదట తొడల దగ్గర పట్టుకోండి. నడుము వేలాడకుండా నాలుగడుగులు వేస్తే చాలు, వేలాడితే ఆపేయండి. బలం వచ్చేకొద్దీ పట్టు మోకాళ్ళకి, తర్వాత చీలమండలకి జరపండి. రోజూ పది నిమిషాలు. ఆదివారం గంటసేపు చేయించి వారమంతా వదిలేస్తే లాభం లేదు.

ఒక్క విషయం దయచేసి మరిచిపోకండి. బిడ్డ నేల మీంచి లేచేటప్పుడు తన తొడల మీదే చేతులు పాకించుకుంటూ లేస్తున్నా, ఇంతకుముందు చేయగలిగిన పని ఇప్పుడు చేయలేకపోతున్నా ఈ ఆటలతో రోజులు గడపొద్దు. వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి.

ముందు వరస దగ్గర చాపలు పరిచాం. పిల్లల్ని తీసుకుని రండి, బండి పట్టు ఎక్కడో మీ చేతులతోనే చూద్దాం.