టైంటేబుల్లో అచ్చు కాని సగం

కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఇక్కడ బోలెడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

యూనివర్సిటీలో కొత్తగా చేరిన మీతో నన్ను టైంటేబుల్ గురించి మాట్లాడమన్నారు. పొద్దున్న ఈ మాట చెప్తే మా తోటి లెక్చరర్ ఒకాయన "దాని గురించి అరగంట ఏం మాట్లాడతారు మేడం, చూసుకుని క్లాసుకెళ్లడమేగా" అని నవ్వారు. ఆయన ఎప్పుడూ టైంటేబుల్ వెయ్యలేదు లెండి, నేను ఆరేళ్లు వేశా. ఒక ఏడాదైతే ఒకే మాస్టారికి మంగళవారం పదకొండింటికి రెండు బిల్డింగుల్లో రెండు క్లాసులు వేసేశా, ఆయన ఫోన్ చేసి చాలా మర్యాదగా "అమ్మా, నన్ను ఎటు వెళ్లమంటావో నువ్వే చెప్పు" అన్నారు. ఇప్పటికీ కనపడితే అదే గుర్తు చేస్తారు.

అందుకే ముందు ఒక మాట చెప్పేస్తా. మీ చేతిలో ఉన్న ఆ కాగితం, అదే మీ ఫోన్లో ఉన్న పీడీఎఫ్, మీరు బాగా చదువుకోవాలని ఆలోచించి వేసింది కాదు. ఎవరూ ఎవరితోనూ గుద్దుకోకుండా వేసింది. ఒక గదిలో ఒకేసారి రెండు క్లాసులుండకూడదు, ఒక టీచర్ రెండు చోట్ల ఉండకూడదు, ఒక బ్యాచ్‌కి ఒకే టైంలో రెండు సబ్జెక్టులు రాకూడదు, నూట ఇరవై మందిని అరవై సీట్ల గదిలో కుక్కకూడదు, ఇంతే, ఇవన్నీ కుదిరితే చాలు దేవుడా అని ఊపిరి పీల్చుకుని పబ్లిష్ చేసేస్తాం. సోమవారం పొద్దున్నే లెక్కలు పెడితే మీకు ఎక్కుతాయా, ల్యాబ్ అయ్యాక వెంటనే ఇంకో క్లాసుంటే నీరసమొస్తుందా, ఇవన్నీ ఆలోచించే తీరిక చాలాసార్లు మాకుండదు.

మేం బద్ధకస్తులం కాదమ్మా, నిజంగానే అది కష్టమైన లెక్క. ఒక్కో సబ్జెక్టునీ ఒక చుక్క అనుకోండి, రెండు సబ్జెక్టుల్లోనూ ఒక్క స్టూడెంట్ కామన్‌గా ఉన్నా ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత గీయండి, ఇప్పుడు గీత ఉన్న రెండు చుక్కలకీ ఒకే రంగు పడకుండా అన్నిటికీ రంగులు వెయ్యాలి, ఒక్కో రంగూ ఒక్కో స్లాట్ అన్నమాట. పది చుక్కలుంటే సరదాగా ఉంటుంది, ఆరేడు వందలుంటే తల ప్రాణం తోకకొస్తుంది. 1976లో ఈవెన్, ఇటై, షమీర్ అని ముగ్గురు టైంటేబుల్ వెయ్యడం అనే ఈ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ అని నిరూపించారు, అంటే ఎంత పెద్ద లెక్కనైనా ఎప్పుడూ చకచకా తేల్చేసే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, అసలు అలాంటిది ఉందో లేదో కూడా తేలలేదు. ఆ షమీర్ తర్వాత ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్, అదే సమాచారాన్ని రహస్యంగా పంపే ఒక పద్ధతి, దాన్ని కనిపెట్టిన ముగ్గురిలో ఒకాయన. దీనిమీద 2002 నుంచి అంతర్జాతీయ పోటీలు కూడా పెడుతున్నారు. కాబట్టి మొదటి రెండు వారాల్లో టైంటేబుల్ మూడుసార్లు మారితే తిట్టుకోకండి, మారుతుందనే అనుకోండి. ఒక ఎలెక్టివ్‌లో పది మంది ఎక్కువ చేరారంటే పెద్ద గది కావాలి, ఆ గదిలో ఉన్నవాళ్లని ఇంకో చోటికి తొయ్యాలి, వాళ్లు ఇంకొకళ్లని తోస్తారు.

మారుతుంది అన్నాను కాబట్టి ఫోన్ సంగతి ఇప్పుడే చెప్పేస్తా. స్క్రీన్‌షాట్ తీసి వాల్‌పేపర్‌గా పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి. అబ్బో. స్క్రీన్‌షాట్ అంటే తీసిన రోజు ఏది నిజమో అది, ఆ తర్వాత మేం ఏం మార్చినా దానికి తెలీదు. మీ యూనివర్సిటీ పోర్టల్లో క్యాలెండర్ లింక్ ఇచ్చుంటే ఇంపోర్ట్ కాదు, సబ్‌స్క్రైబ్ చేసుకోండి. రెండూ ఒకటే అనుకుంటారు గానీ కాదు, ఇంపోర్ట్ చేస్తే ఆ ఫైల్లో ఉన్నదంతా ఒక్కసారి మీ ఫోన్లోకి దిగి అక్కడితో ఆగిపోతుంది, సబ్‌స్క్రైబ్ చేస్తే మీ క్యాలెండర్ అప్పుడప్పుడూ వెళ్లి మళ్లీ చూసుకుని వస్తుంటుంది. వెంటనే మాత్రం కాదు, కొన్ని యాప్‌లకి కొన్ని గంటలు పడుతుంది, అందుకని పొద్దున్న బయల్దేరే ముందు పోర్టల్ ఒకసారి తెరిచి చూడండి.

ఇప్పుడు కాగితం చదవడానికొద్దాం. ఒక్క గడి తీసుకుందాం, మొత్తం వద్దు. "బుధ, 14:00–16:50, పి, బ్యాచ్ 2, ల్యాబ్ 3, ఈవెన్ వీక్." ఇందులో ఎన్ని గోతులున్నాయో చూడండి. 14:00 అంటే మధ్యాహ్నం రెండు, నాలుగు కాదు, నవ్వకండి, ఏటా ఒకరైనా నాలుగింటికి వస్తారు. 16:50 ఏంటి, 17:00 కాకుండా? ఆ పది నిమిషాలూ ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగుకి నడవడానికి వదిలింది, రెస్ట్ కోసం కాదు. జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో ఇంకో విచిత్రం, టైం పక్కన సి.టి. అని రెండక్షరాలుంటే ఆ క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, 10 సి.టి. అంటే పదింపావు, అదే ఎస్.టి. అని ఉంటే కరెక్టుగా పదింటికే. పాతకాలం లాటిన్ మాటలు అవి, తెలియనివాడు పదింటికెళ్లి ఖాళీ గదిలో కూర్చుంటాడు, లేకపోతే ఎస్.టి. ఉన్నరోజు అందరి ముందూ లోపలికి నడుస్తాడు.

పి అంటే ప్రాక్టికల్, ఎల్ అంటే లెక్చర్, టి అంటే ట్యుటోరియల్. ట్యుటోరియల్ ఆప్షనల్ అని ఎవరో సీనియర్ చెప్తారు మీకు, నమ్మకండి, లెక్చర్లో అర్థం కానిది నోరు తెరిచి అడగగలిగేది అక్కడే, ముప్ఫై మందే ఉంటారు. బ్యాచ్ 2 అంటే మీ సెక్షన్‌లో ఒక ముక్క, మీ పక్కన కూర్చునే ఫ్రెండ్ బ్యాచ్ 1 అయితే అతని వెనకాల వెళ్లకూడదు, సీట్లూ మిషన్లూ లెక్క ప్రకారం ఉంటాయి.

ఇక ఆ చివర "ఈవెన్ వీక్" అని అమాయకంగా కనిపించే మాట. సరి వారం. ఏ లెక్కన సరి? క్యాలెండర్ లెక్క ఒకటుంది, ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం ప్రకారం ఏడాదిలో మొదటి గురువారం ఏ వారంలో పడితే అది ఒకటో వారం. టీచింగ్ వీక్ లెక్క ఇంకోటి, సెమిస్టర్ మొదలైన వారం ఒకటి. మధ్యలో వారం రోజులు సెలవులొస్తే క్యాలెండర్ నంబరు ముందుకెళ్లిపోతుంది, టీచింగ్ నంబరు ఆగిపోతుంది, అప్పటిదాకా కలిసి నడిచిన సరి-బేసిలు ఆ రోజు నుంచి తిరగబడతాయి. ఇంకో తమాషా, కొన్ని ఏడాదుల్లో 53 వారాలుంటాయి, 2020లో ఉన్నాయి, 2026లోనూ ఉన్నాయి, 53 తర్వాత మళ్లీ 1, అంటే వరసగా రెండు బేసి వారాలు!

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే నేను మీ వయసులో ఇక్కడే పడ్డా. సెలవుల తర్వాత బుధవారం ల్యాబ్‌కెళ్తే తాళం వేసుంది. ఆహా ల్యాబ్ క్యాన్సిల్ అనుకుని హాయిగా రూమ్‌కొచ్చి పడుకున్నా, ఒక్కదాన్ని కూడా అడగలేదు. పై వారం మాది కాదు కదా అని వెళ్లలేదు, మాదే. ఆ పై వారం వెళ్తే మళ్లీ తాళం. అప్పుడు గానీ అనుమానం రాలేదు నాకు. ఏడు ల్యాబుల్లో ఒకటి పోయింది, అది మొత్తం సెమిస్టర్ నా వెంటపడింది.

ఎందుకు వెంటపడిందో లెక్క చెప్తా. హాజరు 75 శాతం ఉండాలనే రూల్ ఉందనుకోండి, పదిహేను వారాల సెమిస్టర్. వారానికి మూడుసార్లు ఉండే లెక్చర్ అయితే 45 క్లాసులు, 34 ఉండాలి, 11 పోయినా బతికిపోతారు. వారానికొకసారి ఉండే ల్యాబ్ అయితే 15లో 12 ఉండాలి, మూడే వదులుకోగలరు. రెండు వారాలకోసారి వచ్చే ల్యాబ్ ఏడే అయితే ఆరు ఉండాలి, ఒక్కటే. చూశారా, కాగితం మీద అన్ని గడులూ ఒకే సైజులో కనిపిస్తాయి గానీ ఒక గడి పోతే ఏమీ కాదు, ఇంకో గడి పోతే అసలుకే ఎసరు. ఏది ఏదో ఈ వారమే లెక్కేసి పెన్సిల్‌తో పక్కన రాసుకోండి, జ్వరమొచ్చిన రోజు ఏ క్లాసుకి లేచి వెళ్లాలో ఏది వదిలేయాలో అది చూస్తే తెలుస్తుంది. అకడెమిక్ క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకుని సెలవులు ఏ వారం ఏ రోజున పడుతున్నాయో చూడండి, ఒక్కోసారి సెలవులన్నీ సోమవారాల మీదే వచ్చి పడతాయి, సోమవారం ఉన్న ల్యాబ్ పదిహేను అనుకున్నది పన్నెండవుతుంది.

సరే, అచ్చైన గడులు అయిపోయాయి. ఖాళీ గడుల సంగతి.

యూరప్‌లో ఒక క్రెడిట్ లెక్క ఉంది, ఈసీటీఎస్ అంటారు. పూర్తి ఏడాది చదువు 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. సెమిస్టర్‌కి అందులో సగం, పరీక్షలతో కలిపి ఇరవై వారాలనుకుంటే వారానికి సుమారు 38 నుంచి 45 గంటలు. ఇప్పుడు మీ టైంటేబుల్లో క్లాసులు కూడండి. ఇరవై గంటలుంటాయా, ఇరవై రెండా? మిగతా ఇరవై గంటలు ఏవి? అవి అచ్చు వెయ్యలేదంతే. ఈసీటీఎస్ లేని చోటైనా క్రెడిట్ ఇచ్చేవాళ్లు ఎంతో కొంత ఇంటి పని మనసులో పెట్టుకునే ఇస్తారు. స్కూల్లో గంట కొడితే వెళ్లడం, గంట కొడితే రావడం, ఖాళీ అంటే ఆట. ఇక్కడికొచ్చాక ఖాళీ గడిని చూసి అదే అనుకుంటాం, తప్పు మనది కాదు, పన్నెండేళ్ల అలవాటు.

మీకు టైంటేబుల్ నేర్పిందీ నేనే కాబట్టి నా అభిప్రాయం కూడా వినండి, ప్రతి గంటా రంగులేసి నింపేసే ప్లాన్‌లు నాకు నచ్చవు. మొదటి బుధవారానికే చెడిపోతాయి, చెడిపోయాక మొత్తం వదిలేస్తారు. నేను రెండు రకాల ఖాళీలే చూడమంటాను. క్లాసు క్లాసుకీ మధ్య ఉండే గంట ఒకటి, సగం రోజు ఖాళీ ఇంకోటి. గంట ఖాళీలో కొత్త చాప్టర్ మొదలెట్టకండి, వెళ్లి కూర్చోడానికి పావుగంట, ఫోన్‌కి పావుగంట, మిగిలేది అరగంట. ఆ అరగంటలో ఇప్పుడే అయిన క్లాసు గుర్తు చేసుకోండి, నోట్స్ మూసేసి ఖాళీ కాగితం మీద. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి తనే ఎంత మర్చిపోతున్నాడో కొలిచాడు, గంట గడిచేసరికే సగానికి పైగా జారిపోయింది, ఆ తర్వాత జారడం నెమ్మదించింది. మన పాఠాలకి అర్థం ఉంటుంది కాబట్టి అంత ఘోరం ఉండదు గానీ మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు స్టూడెంట్ల మీద చూసిందేంటంటే, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెడితే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందుకెళ్లిపోయారు. పరీక్షలు ఐదు నిమిషాల్లో పెట్టం కదా.

సగం రోజు ఖాళీ మాత్రం దాచుకోండి, అసైన్‌మెంట్లు, లెక్కలు, రికార్డు రాయడం, ఇలాంటి కూర్చుంటే గానీ తెమలని పనులకి అదే దిక్కు. ఎవరైనా "రేపు మధ్యాహ్నం ఖాళీయేగా" అంటే ఖాళీ కాదని చెప్పండి, అబద్ధం కాదది.

క్లాష్ వస్తే, అంటే రెండు సబ్జెక్టులు ఒకే టైంలో పడితే, ఒక వారం ఇటూ ఒక వారం అటూ వెళ్లి సర్దుకుంటాంలే అనుకోకండి. యాడ్-డ్రాప్ గడువు, అంటే సబ్జెక్టులు చేర్చుకోడానికీ వదులుకోడానికీ ఇచ్చే గడువు, దాటకముందే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి రాయండి, రెండు సబ్జెక్టుల కోడ్‌లు, సెక్షన్, రోజు, టైం, ఈ నాలుగూ రాస్తే చాలు. "మేడం నా టైంటేబుల్‌లో ప్రాబ్లం ఉంది ప్లీజ్ హెల్ప్" అని వచ్చే మెయిల్స్ నాకు రోజుకి ఇరవై వచ్చేవి, అన్నిటికీ తిరిగి అడగాల్సొచ్చేది ఏ ప్రాబ్లం నాయనా అని, ఈలోపు గడువు దాటిపోయేది.

టైం అవుతోంది. రేపు మీకు మొదటి క్లాసు ఏ గదిలోనో ఫోన్ తీసి చూడండి. అందరూ చూశారా? గది నంబరులో మొదటి అంకె ఫ్లోర్ అనుకుంటున్నారు కదా, కొన్ని బిల్డింగుల్లో గ్రౌండ్ ఫ్లోరే ఒకటి, కొన్నింట్లో సున్నా. ఇక్కడ్నుంచి లేచి నేరుగా ఆ గది దాకా నడిచి వెళ్లి తలుపు ముట్టుకుని రండి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. ఎక్కడా దొరక్కపోతే మళ్లీ ఇక్కడికే రండి, ఇంకో గంట ఇక్కడే ఉంటాను.