బంగాళాదుంపలు మితిమీరి ఉడికిన రోజు

మిత్రులకు నమస్కారం.

సినిమాలో పొయ్యి మీద గిన్నె పెట్టిన మరుక్షణమే కంచంలో అన్నం కనిపిస్తుంది. మధ్యలోని అరగంట ఎడిటర్ కత్తెరకు పోతుంది. ఆ అరగంట ఎవరిది? వంట చేసిన మనిషిది. ‘సాగదీశారు’ అన్న మాట మన దగ్గర తిట్టుతో సమానం కాబట్టి, ఆ కోత మనకు తప్పుగా తోచదు.

బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మన్ 1975లో ఆ అరగంటను తెర మీదికి తెచ్చారు. ఈ రోజు మనం చూడబోయే ‘ఝాన్ డీల్మన్’ నిడివి 201 నిమిషాలు. బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు, ఆమె కొడుకు, మూడు రోజులు. కుటుంబం గడవడానికి ఆమె మధ్యాహ్నాలు మగవాళ్ళను ఇంటికి రానిస్తుంది. మొదటి రెండు రోజులూ కెమెరా పడకగది బయటే ఆగిపోతుంది. వంటింట్లో పని మాత్రం ఓపికగా చూస్తుంది. ఏది దాచాలో, ఏది చూపాలో అకెర్మన్ తారుమారు చేశారు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ధైర్యమైన పని అదే అనిపిస్తుంది.

హంగరీ దర్శకుడు బేలా తార్ సుదీర్ఘ షాట్లలో కెమెరా తరచూ మనుషుల వెంట నడుస్తుంది. ఇక్కడ అసలు కదలదు. నేపథ్య సంగీతమూ లేదు. గది దాటితే దీపం ఆర్పడం, వచ్చిన డబ్బును బల్ల మీది సూప్ పాత్రలో వేసి మూత పెట్టడం: మొదటి రోజు ఇవన్నీ చూస్తూ చూస్తూ, ఆమె దినచర్య మన ఒంటికి పట్టేస్తుంది. రెండో రోజు సాయంత్రం ఆ పాత్ర మూత తెరిచే ఉండిపోతుంది. బంగాళాదుంపలు మితిమీరి ఉడికిపోతాయి. గిన్నె పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక ఆమె ఇంట్లో తిరుగుతుంది. బయటికి వెళ్ళి దుంపలు కొనుక్కొచ్చి, మళ్ళీ తొక్క తీయడానికి కూర్చుంటుంది.

దుంపలు పాడవడం మరో సినిమాలో సంఘటనే కాదు. ఇక్కడ నా గుండె జల్లుమంది. ఏదో జరగబోతోందని నాకు ఏ పాత్రా చెప్పలేదు. ఆమెతో గడిపిన గంటలే చెప్పాయి. కోసి, కుదించి ఉంటే ఆ భయం పుట్టేది కాదు.

2022లో బ్రిటిష్ సినిమా పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ అత్యుత్తమ చిత్రాలను ఎంచడానికి విమర్శకులతో జరిపిన ఓటింగ్‌లో ఇది మొదటి స్థానంలో నిలిచింది. ఒక మహిళ తీసిన చిత్రానికి ఆ స్థానం దక్కడం అదే తొలిసారి.

చివరి షాట్‌లో ఆమె చీకట్లో బల్ల దగ్గర చాలాసేపు కూర్చుంటుంది. వీధి వెలుగు గదిలో మినుకుమంటూ ఉంటుంది. సినిమా అయిపోయిందనుకుని దయచేసి అప్పుడే లేవకండి.