కౌశిక దాటే ప్రభలు: జగ్గన్నతోట తీర్థం

[దృశ్యం: కొబ్బరిచెట్ల నడుమ పచ్చని వరిచేలు. దూరంగా డప్పుల మోత.]

వ్యాఖ్యానం: ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయలు, బంగాళాఖాతం చుట్టుముట్టిన నేలే కోనసీమ. ఇక్కడ ఏ ఊరి చరిత్ర చెప్పబోయినా ఏరో కాలువో ఎదురుకాక మానదు. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థమూ అంతే.

గోదావరి జిల్లాల్లో తీర్థమంటే జాతర. జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు, ఉన్నది కొబ్బరితోటే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ఏకాదశ రుద్రులుగా ప్రభలపై, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి భుజాలమీద మోసే అలంకృత వాహనాలపై, కొలువుతీరి ఆ తోటకు తరలివస్తారు. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరునిది, అధ్యక్షత వ్యాఘ్రేశ్వరునిది. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే మిగిలిన ప్రభలను ఒక్కసారి పైకెత్తి గౌరవించడం ఆనవాయితీ. దేవుళ్లే ఇరుగుపొరుగుల్లా కలుసుకునే ఈ మర్యాద నాకు ఎంతో ఇష్టం.

[దృశ్యం: ప్రభ దగ్గరగా. వెదురు బద్దల అల్లిక, రంగుల వస్త్రాలు, గంటలు, పూలదండలు, నడుమ ఉత్సవ విగ్రహం.]

వ్యాఖ్యానం: గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకు చేరాలంటే ఎగువ కౌశిక అనే కాలువను దాటాలి. గట్టు దిగేటప్పుడు మోతగాళ్ల నడక మందగిస్తుంది. నీరు మొలను దాటి ఛాతీదాకా వస్తుంది, కాలికింద బురద జారుతుంది. అయినా "అశ్శరభ శరభ" అంటూ, అంతెత్తు ప్రభను ఒరగనివ్వకుండా భుజాలమీదే అవతలి గట్టుకు చేరుస్తారు. ఆ కొద్ది నిమిషాలు చూడడానికే వేలాది జనం గట్లమీద నిలబడతారు.

దారి పొడవునా ప్రభలు పచ్చని చేలలోంచే సాగుతాయి. సంక్రాంతినాటికి ఇక్కడ రెండో పంటైన దాళ్వా వరి ఊడ్పులు (నాట్లు) పడుతుంటాయి కనుక, మోతగాళ్ల కాళ్లకింద నలిగేది రైతు కొత్తగా వేసిన వరి. ఏ రైతూ అడ్డుచెప్పడు. దేవుడు నడిచిన చేను చల్లగా పండుతుందని నమ్ముతాడు. వానలు వెళ్లిపోయాక వేసే ఈ దాళ్వాకు ఆధారం కాలువ నీరు. ఆ కాలువలకు మూలం, ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. ఈ పండుగను భక్తిగా మాత్రమే చూసేవారు ఆ నీటి లెక్కను కూడా గుర్తుంచుకోవాలని నా మనవి.

2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా సాగింది ఈ ప్రభల తీర్థమే. ఆ శకటంపై ప్రభలున్నాయి, రైతులున్నారు. చేను తడి మాత్రం ఇక్కడికొచ్చి చూడవలసిందే.

[దృశ్యం: పొద్దువాలుతుండగా గంగలకుర్రు ప్రభలు తిరుగుదారి పట్టి, మళ్లీ కౌశికలోకి దిగుతాయి.]