తెర మీద ఒక లెక్క, చీటీలో ఒక లెక్క

తమ్ముడు: నమస్కారం. తిరుపతిలో లీలామహల్ కూడలికి దగ్గరగా ఉన్న మా మేడ మీది గది నుంచి మాట్లాడుతున్నాం. వెనక హారన్లు వినబడితే అలిపిరి వైపు వెళ్లే బస్సులని సర్దుకోండి. కిటికీ మూస్తే ఈ ఎండకు లోపల కూర్చోలేం. ఈరోజు మా అక్క వచ్చారు, పదిహేనేళ్లుగా వెబ్‌సైట్లు రాస్తున్నారు. అక్కా, డేటాబేస్‌ను అడిగే క్వెరీలు ఒకచోట, పేజీని చూపించే కోడ్ మరోచోట ఉండాలని మాకు కాలేజీలో చెప్పారు. ఎందుకో మాత్రం సరిగ్గా చెప్పలేదు.

అక్క: చెప్పే ఉంటారు, కోడ్ శుభ్రంగా ఉంటుందని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. శుభ్రత కోసమని చెబితే ఎవరూ చేయరు. నాకు ఈ పాఠం 1080 రూపాయలతో వచ్చింది.

తమ్ముడు: మీ జేబులోంచి పోయాయా?

అక్క: నా పరువులోంచి పోయాయి. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో దామలచెరువు వైపు ఒక మామిడి మండీకి సైటు రాశాను. పేరు అనవసరం. అప్పట్లో నేను వెబ్ పేజీలు రాసే భాష పీహెచ్‌పీ. అందులో నా ఫైలు ఎలా ఉండేదంటే, పైన డేటాబేస్ కనెక్షన్, కింద టేబుల్ ట్యాగు, ఆ టేబుల్ వరుసల మధ్యలో సెలెక్ట్ క్వెరీ, దాని పక్కనే గుణకారం. అదే క్వెరీ రైతు ఖాతా పేజీలో ఉంది, ఆ రోజు లోడ్ల పేజీలో ఉంది, యజమాని సాయంత్రం చూసుకునే మొత్తాల పేజీలో ఉంది, అచ్చువేసి ఇచ్చే చీటీలోనూ ఉంది. కాపీ చేసి అతికించడమే కదా, చేతికి శ్రమ లేదు.

తమ్ముడు: నేనూ అదే చేస్తాను.

అక్క: తెలుసు. ఆ మండీలో టన్నుకు 30 కిలోలు తరుగు తీసేవారు. సీజన్ నడుస్తుండగా యజమాని ఒకరోజు, బేనీషాకు తరుగు వద్దు, తోతాపురికి మాత్రమే ఉంచమన్నారు. మూడు పేజీల్లో మార్చాను. చీటీ సంగతి గుర్తుకే రాలేదు. ఆ వారంలో ఒక రైతు 1.8 టన్నుల బేనీషా తెచ్చారు, ధర కిలోకు 20 రూపాయలు. తెర మీద 36,000. చీటీలో 54 కిలోల తరుగు పోయి 34,920. ఆయన ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చీటీ పట్టుకుని నిలబడ్డారు. కోప్పడలేదు. ‘ఇందులో ఏది నిజమమ్మా?’ అని మాత్రం అడిగారు.

తమ్ముడు: మీరేమన్నారు?

అక్క: ఏమంటాను? రెండూ నేను రాసినవే! ఆ రాత్రి కూర్చుని, రైతుకు రావలసిన మొత్తం ఎంత అన్న ప్రశ్నకు ఒకే ఒక్క ఫంక్షన్ రాశాను. క్వెరీ, తరుగు, కమీషన్, హమాలీ అన్నీ దాని లోపలే. నాలుగు పేజీలూ దాన్నే అడుగుతాయి, ఇచ్చింది చూపిస్తాయి, సొంత లెక్కలు కట్టవు. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు ఆకు ముందు నిలబడి ఉప్పు ఎంత వేయాలో ఆలోచించడు కదా, అంతే.

తమ్ముడు: దీన్నేనా ఎంవీసీ అంటారు?

అక్క: బంధుత్వం ఉంది. సమాచారం, దాని లెక్కలు మోడల్, తెర మీద చూపేది వ్యూ, ఆ రెంటినీ నడిపేది కంట్రోలర్. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే ఎంవీసీ. ఆ ఆలోచన వెబ్ కంటే పాతది. 1979లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అనే నార్వే ఆయన, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ భాష కోసం ఆలోచించిన పద్ధతి. 2004లో రైల్స్, 2005లో జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే వెబ్‌సైట్లు కట్టడానికి సిద్ధంగా దొరికే చట్రాలు, బయటికి వచ్చాక వెబ్ రాసేవాళ్లందరి నోటా ఆ మాట నలిగింది. జాంగోలో పేర్ల తికమక ఒకటి. మిగతావాళ్లు కంట్రోలర్ అనేదాన్ని వాళ్లు వ్యూ అంటారు. దాని మీద గొడవపడటం దండగ. పీహెచ్‌పీని తిట్టడమూ అన్యాయమే. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో దాన్ని విడుదల చేసింది సొంత పేజీల్లో చిన్న చిన్న పనులు చేసుకునే పనిముట్లుగా. పేజీ మధ్యలో కోడ్ రాసుకునే వీలు దానికి అందం. ఆ అందం మీద మనం మండీ మొత్తాన్ని కట్టాం.

తమ్ముడు: లెక్క తప్పడం కాక, కలిపి రాస్తే ఇంకేం నష్టం?

అక్క: సగం పేజీ. టేబుల్‌లో పది వరుసలు బ్రౌజర్‌కు వెళ్లిపోయాయి, పదకొండో దగ్గర క్వెరీ విఫలమైంది. అప్పుడేం చేస్తావు? అంతా బాగుందని చెప్పే 200 కోడ్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఇక దారి మళ్లించలేవు, వేరే పేజీ చూపించలేవు. తప్పు సందేశం వచ్చి టేబుల్ గడిలో కూర్చుంటుంది. కావలసినవన్నీ ముందే తెచ్చుకుని, ఆ తర్వాతే మొదటి అక్షరం పంపితే ఆ బాధ లేదు. వంట పూర్తికాకుండా ఆకులు వేయకూడదు.

తమ్ముడు: భద్రత సంగతి? పేరు గడిలో ఎవరో కోట్ గుర్తు పెడితే క్వెరీ విరిగిపోతుందంటారు కదా.

అక్క: అక్కడ రెండు గుమ్మాలు ఉన్నాయి. డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడు విలువను క్వెరీ వాక్యంలో అతికించకుండా విడిగా అందించాలి, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ చేసే పని అదే. పేజీ మీదికి వచ్చేటప్పుడు, ఎవరో పేరుకు బదులు స్క్రిప్టు రాసినా అది నడవకుండా అక్షరాలుగానే కనిపించేట్టు చేయాలి. ఈ గుమ్మం మందు ఆ గుమ్మానికి పనికిరాదు. పాత పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అని ఒకటి ఉండేది. వచ్చే ప్రతి విలువలోనూ కోట్ గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత పెట్టేది. ఆ గీతలు కాస్తా పేజీ మీద కనబడేవి! 2012లో వచ్చిన 5.4తో దాన్ని తీసేశారు. కోడ్‌ను రెండుగా విడదీస్తే ఏ జాగ్రత్త ఎక్కడ తీసుకోవాలో అడగకుండానే తెలుస్తుంది.

తమ్ముడు: ఇప్పుడు నేను వాడే ఫ్రేమ్‌వర్క్‌లో టెంప్లేట్లకు, అంటే పేజీ ఎలా కనిపించాలో రాసే ఫైళ్లకు, వేరే ఫోల్డరే ఉంది. అంటే నా పని విడిపోయినట్టే కదా?

అక్క: ఫోల్డరు వేరైతే సరిపోదు నాయనా. టెంప్లేట్‌లో లోడ్ల మీద లూప్ తిప్పి, ప్రతి లోడ్ పక్కన రైతు పేరు రాశావనుకో. చూడటానికి అక్కడ క్వెరీ లేదు, ఒక చుక్క పెట్టి పేరు అడిగావు, అంతే. కానీ ఆ చుక్క వెనక ఓఆర్‌ఎం, అంటే మన బదులు క్వెరీలు రాసిపెట్టే పనిముట్టు, ఒక్కో లోడ్‌కు ఒక్కోసారి డేటాబేస్ దగ్గరికి పరుగెత్తవచ్చు. 200 లోడ్లుంటే మొదటిదానితో కలిపి 201 క్వెరీలు. ఒక్కోదానికి 5 మిల్లీసెకన్లు వేసుకున్నా సెకను దాటింది. నీ ల్యాప్‌టాప్‌లో నాలుగు లోడ్లే ఉంటాయి కాబట్టి నీకు తెలియదు, సీజన్‌లో మండీ గుమాస్తాకు తెలుస్తుంది. లోడ్లతోపాటే రైతులనూ ముందే తెప్పించు, ఒకటో రెండో క్వెరీలతో తేలిపోతుంది.

తమ్ముడు: మరి నిజంగా విడిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అక్క: డేటాబేస్ ఆపేయి. చేతితో రాసిన రెండు మూడు ఉత్తుత్తి వరుసలు టెంప్లేట్‌కు ఇవ్వు. పేజీ పూర్తిగా గీయగలిగితే విడిపోయినట్టు. నేను మనుషుల మాట నమ్మను, ఈ పరీక్షను నమ్ముతాను. అలాగని పొరల మీద పొరలూ పేర్చకు. మూడు పేజీల సైటుకు ఏడు పొరలు కట్టినవాళ్లను చూశాను, ఫోను నంబరు మార్చాలంటే ఏడు ఫైళ్లు తెరవాలి. ఒక్కసారి వాడి పారేసే నివేదికైతే నేను ఇప్పటికీ ఒకే ఫైలులో రాస్తాను.

తమ్ముడు: ఉండండి, ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంది. బస్టాండు దగ్గరి లాడ్జి కోసం రాస్తున్న సైటు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, దాన్ని ఆపాను... రెండు ఉత్తుత్తి గదులు ఇచ్చాను... అక్కా, పేజీ తల కూడా రాలేదు.

అక్క: తలలో ఏం పెట్టావు?

తమ్ముడు: లాడ్జి పేరు, లోగో... ఈరోజు ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో ఆ సంఖ్య.

అక్క: ఆ సంఖ్య ఎక్కడి నుంచి వస్తోంది?

తమ్ముడు: అక్కడే... టెంప్లేట్‌లోనే క్వెరీ రాసేశాను.

అక్క: ఇంకెక్కడైనా ఖాళీ గదుల లెక్క ఉందా?

తమ్ముడు: బుకింగ్ పేజీలో ఉంది. శుభ్రం చేస్తున్న గదులను అందులో తీసేశాను. తలలో... తీయలేదు.

అక్క: రికార్డింగు ఆపు. ముందు అది చూద్దాం.