ఫోటోల వెనక పేర్లు రాద్దాం

(కిరిబాస్ (కిరిబాటి) దీవుల్లో పనిచేసి వచ్చిన మిషనరీల పునస్సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

ఫాదర్లకు, సిస్టర్లకు, పాస్టర్లకు, నాతోపాటు అక్కడ పాఠాలు చెప్పిన టీచర్లకు, నర్సులకు అందరికీ మౌరి, అంటే అక్కడి భాషలో నమస్కారం!

ఇన్నేళ్ల తర్వాత కలుసుకుంటే ముందుగా నోటికొచ్చేవి మనం పడ్డ కష్టాలే. రాత్రి భోజనాల దగ్గర అదే జరిగింది. వారాల తరబడి రాని ఓడ, అయిపోయిన మందులు, పిండిలో పురుగులు, ఇంటి నుంచి ఉత్తరం కోసం ఎదురుచూపులు. అన్నీ నిజాలే. నేనూ చెప్పాను, మీరు చెబుతుంటే విన్నాను, మనసు తేలికపడింది. కానీ ఒకటి గమనించాను. రాత్రంతా మన పేర్లు వినిపించాయి గానీ, ఆ కష్టాల్లో మన కడుపు నింపినవాళ్ల పేర్లు ఒకటో రెండో తప్ప వినిపించలేదు. మన కథల్లో వాళ్లంతా కలిసి ‘దీవి జనం’ అయిపోతున్నారు. ఈ ఉదయం నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మనవలు కూడా వచ్చారు కాబట్టి వాళ్ల కోసం రెండు మాటలు. మనం పనిచేసిన దేశం పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య ఉంది. గిల్బర్ట్ దీవులు, ఫీనిక్స్ దీవులు, లైన్ దీవులు కలిపి 33. నేలంతా కలిపితే 811 చదరపు కిలోమీటర్లే. చుట్టూ ఆ దేశానికి చెందిన సముద్రం మాత్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. కాస్త ఎత్తయిన బనాబా ఒక్కటి తప్ప మిగతావన్నీ ఎత్తులేని పగడపు దీవులు. చాలాచోట్ల నేల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తు కూడా దాటదు.

మన చరిత్ర చెప్పేటప్పుడు 1857లో అమెరికా మిషనరీ హైరమ్ బింగ్‌హామ్ దంపతులు అబయాంగ్ దీవిలో దిగడంతో మొదలుపెడతాం. ఆయన అక్కడి గిల్బర్ట్ భాషకు రాత కుదిర్చి, బైబిలు మొత్తం అనువదించాడు. జీవితకాలం పట్టిన పని, దానికి చేతులెత్తి మొక్కాలి. అయితే ఆరోగ్యం దెబ్బతిని ఆయన కొన్నేళ్లకే హవాయి వెళ్లిపోయాడు. అనువాదంలో ఎక్కువ భాగం అక్కడే సాగింది. మరి దీవుల్లో ఉండి రోజువారీ పని మోసింది ఎవరు? కనోవా లాంటి హవాయి మిషనరీలు. 1870 నుంచి దక్షిణ దీవుల్లో సమోవా పాస్టర్లు. పుస్తకాల్లో వాళ్లకు దక్కింది తరచూ ఒక్క వాక్యం, చాలాసార్లు ‘స్థానిక సహాయకులు’ అన్న మాటతో సరి.

నోనౌతి దీవి సంగతి మనల్ని ఇంకా నిలదీస్తుంది. తాహితిలో తోటపనికి వెళ్లి విశ్వాసులై తిరిగొచ్చిన బేతెరో, తిరోయి అనే ఇద్దరు కూలీలు సొంతంగా ప్రార్థనలు నేర్పారు, గుళ్లు కట్టించారు, వందల మందికి జ్ఞానస్నానం ఇచ్చారు, ఫాదర్లను పంపమని కబురు పెట్టారు. 1888లో ఫాదర్లు దిగేసరికి అక్కడ సంఘం సిద్ధంగా ఉంది. మనం విత్తనం వేశామని ఎంత గట్టిగా చెప్పుకున్నా, నోనౌతిలో మనం వెళ్లింది పంట మీదికి.

చేదు విషయం కూడా చెప్పాలి, ఇలాంటి సభల్లో దాన్ని దాటేస్తుంటాం గనుక. తబితెవేయా దీవిలో 1880ల మొదట్లో హవాయి మిషనరీ కపూ, ఆయన వెంట నడిచిన ఉత్తరాది జనం మతం పేరుతో దక్షిణాది వాళ్ల మీదికి దండెత్తారు. వందల మంది చనిపోయారు. అదీ మన చరిత్రే. 1942 అక్టోబరులో తరావా దీవిలోని బేతియోలో జపాన్ సైనికులు చంపిన 22 మంది బందీల్లో బేరూ దీవి మిషనరీ ఆల్ఫ్రెడ్ సాడ్ ఒకరు. వెళ్లిపోయే వీలుండీ ఆయన జనంతోనే ఉండిపోయాడు. సాడ్‌ను తలచుకుని గర్వపడేవాళ్లం తబితెవేయా మృతులను కూడా తలచుకోవాలి. ఒకటి మన ఖాతాలో వేసుకుని, రెండోది ఆ కాలం ఖాతాలో రాసేయడం న్యాయం కాదు.

ఇక మనకు దగ్గరి సంగతి. నేనున్న ఊళ్లో మా బడి పక్కింటి పెద్దావిడ బబాయి గుంటకు నన్ను తీసుకెళ్లేది. బబాయి అంటే చేమ జాతి దుంప. ఆ పగడపు నేలలో అడుగున ఉప్పునీటి మీద మంచినీరు పలచగా తేలి ఉంటుంది. ఆ నీరు తగిలేదాకా గుంట తవ్వి అందులో మొక్క నాటుతారు. మొదలు చుట్టూ అడుగులేని ఆకుల బుట్ట అల్లి, అందులో ఎండాకులూ నల్లమట్టీ పొరలు పొరలుగా నింపుతారు. ఏ ఆకు ఎంత వేయాలన్నది ఇంటి గుట్టు. ఆవిడ గుంటలోకి దిగి, మోకాలిలోతు బురదలో నిలబడి, ఆకు నలిపి వాసన చూసి, ఇంకా మాగలేదని పక్కన పెట్టేది. పండగలకే బయటికి తీసే ఆ దుంపను, నాకు జ్వరమొచ్చిన వారం ఆవిడ తవ్వి ఉడికించి పెట్టింది. ఆవిడ కొడుకు పొద్దున్నే కొబ్బరిచెట్టు మీద పాడుతూ గీసిన నీరాను సీసాలో పోసి మా గుమ్మంలో పెట్టి పోయేవాడు. ఒక్కరోజు కూడా వాళ్లు దాన్ని సేవ అనలేదు.

అక్కడ అయినవాళ్లు అడిగితే కాదనకూడదు. మొదట్లో మనలో చాలామందికి అది పెద్ద టెన్షన్. లాంతరు అడుగుతారు, చొక్కా అడుగుతారు, సైకిలు అడుగుతారు. మనల్ని అయినవాళ్ల లెక్కలో చేర్చుకున్నారు కాబట్టే అడుగుతున్నారని అర్థమవడానికి కొందరికి ఏళ్లు పట్టింది. మనేబలో, అంటే ఊరి సభాశాలలో, ఒక్కో వంశానికి ఒక్కో చోటు ఉంటుంది. ఏ వంశానికీ చెందని మనకు కూడా అక్కడ చాప పరిచారు. అంతకంటే పెద్ద సన్మానం నాకు తర్వాత ఎక్కడా జరగలేదు.

ఆ గుంటలకే ఇప్పుడు కష్టం వచ్చింది. పెద్ద పోట్లకు సముద్రం పొంగి ఉప్పునీరు గుంటలో చేరితే బబాయి చచ్చిపోతుంది, మళ్లీ నాటాలంటే ఏళ్లు ఆగాలి. 2014లో కిరిబాస్ ప్రభుత్వం ఫిజీలోని వనువా లేవు దీవిలో దాదాపు 20 చదరపు కిలోమీటర్ల భూమి కొన్నది. అమ్మింది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. చర్చి చేతిలో భూమి ఉండటం, దీవి జనం దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే ఒక ప్రతిపాదన. మన ఇళ్లలో పెట్టెల నిండా ఫోటోలున్నాయి. ఆ ఊళ్ల వాళ్ల దగ్గర తమ అమ్మమ్మల, తాతల ఫోటోలు ఉండకపోవచ్చు. తేమకు, ఉప్పుగాలికి అక్కడ కాగితం నిలవదు. మన ఫోటోల వెనకేమో ‘బడి పిల్లలు’, ‘వంట చేసే ఆవిడ’, ‘పడవ అతను’ అని రాసుంది. పేర్లు ఇంకా గుర్తున్నవాళ్లం మనమే. మనం పోతే ఆ పేర్లూ పోతాయి.

భోజనాలయ్యాక హాలు వెనక బల్లలు వేయిస్తున్నాం. పెన్ను వాడకండి, సిరా అవతలి వైపుకు దిగుతుంది. మెత్తటి పెన్సిళ్లు పెట్టాం. పేరు, ఊరు, దీవి, సంవత్సరం రాయండి. అనుమానముంటే ప్రశ్నగుర్తు పెట్టండి, ఊహించి మాత్రం రాయొద్దు. స్కాన్ చేసి ఆయా ఊళ్ల చర్చిలకు, తరావాలో బైరికిలోని జాతీయ ఆర్కైవ్స్‌కు కాపీలు పంపుదాం. నలుగురికీ చూపేముందు ఆ కుటుంబాలను అడగాలి, వద్దంటే ఆపేయాలి. చూపు ఆననివాళ్లు నోటితో చెబితే చాలు, రాసిపెట్టడానికి మనవలు ఒప్పుకున్నారు. ముందు అబయాంగ్ వాళ్లు రండి, మీ పెట్టెలే పెద్దవి.